బ్రేకు పెడలు మెత్తబడటం

కారు బ్రేకు పెడలును తొక్కినప్పుడు అది గట్టిగా నిలబడక, స్పాంజిని నొక్కినట్లు మెత్తగా లోపలికి దిగిపోవడాన్ని బ్రేకు పెడలు మెత్తబడటం అంటారు. ద్రవ పీడనంతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులలో ఈ లోపం కనబడుతుంది. బ్రేకు గొట్టాలలోని ద్రవంలో గాలి చేరటం దీనికి అతి సాధారణమైన కారణం. ఇట్లు చేరిన గాలిని బయటకు పంపే పనిని మెకానిక్కులు "ఎయిర్ తీయడం" అనీ, "బ్లీడింగ్" అనీ అంటారు.

బ్రేకు ద్రవం ఉండే మార్గం ఎక్కడా సందు లేకుండా మూసి ఉంటుంది. అందువలన అందులోకి గాలి ప్రవేశించిందంటే దానికి ఒక కారణం ఉండి తీరాలి. ఆ కారణాన్ని కనుగొనకుండా గాలిని మాత్రమే తీసివేస్తే పెడలు కొన్నాళ్లు గట్టిపడి, తిరిగి మెత్తబడుతుంది. కాబట్టి ఈ లోపాన్ని సరిచేయడంలో గాలి తీయడం చివరి మెట్టు. కారణాన్ని గుర్తించడం మొదటి మెట్టు.

హైడ్రాలిక్ బ్రేకు పనిచేసే విధానం

మూసి ఉన్న పాత్రలోని ద్రవంపై ఒకచోట కలుగజేసిన పీడనం అన్ని దిశలకూ సమానంగా వ్యాపిస్తుంది. 17వ శతాబ్దానికి చెందిన ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ (1623–1662) పేరు మీద దీనిని పాస్కల్ నియమం అంటారు. హైడ్రాలిక్ బ్రేకు ఈ నియమం మీదనే ఆధారపడి ఉంది.

పెడలు ఒక మీట వంటిది. డ్రైవరు కాలితో ప్రయోగించిన బలాన్ని అది కొన్ని రెట్లు పెంచి బూస్టరుకు అందిస్తుంది. బూస్టరు ఇంజను నుండి లభించే శూన్యప్రదేశం సాయంతో ఆ బలాన్ని మరికొన్ని రెట్లు చేసి మాస్టర్ సిలిండరులోని పిస్టనును (ముషలకాన్ని) ముందుకు నెడుతుంది. అక్కడ పుట్టిన పీడనం ఇనుప గొట్టాలు, రబ్బరు హోసుల ద్వారా నాలుగు చక్రాలకు చేరుతుంది. డిస్కు బ్రేకు ఉన్న చక్రం వద్ద కాలిపరులోని పిస్టను ప్యాడ్లను డిస్కుకు అదిమి పెడుతుంది. డ్రమ్ము బ్రేకు ఉన్న చక్రం వద్ద వీల్ సిలిండరు రెండు షూలను డ్రమ్ము లోపలి గోడకు నొక్కుతుంది. ఘర్షణ వలన వాహనపు గతిజ శక్తి వేడిగా మారి, వేగం తగ్గుతుంది. భారతదేశంలోని చాలా కార్లలో ముందు చక్రాలకు డిస్కులు, వెనుక చక్రాలకు డ్రమ్ములు ఉంటాయి.

ఒక ఉదాహరణతో బలం పెరిగే తీరును గమనించవచ్చు. డ్రైవరు 20 కిలోల బలంతో తొక్కాడనుకొందాం. పెడలు దానిని 4 రెట్లు, బూస్టరు మరి 3 రెట్లు చేస్తే మాస్టర్ సిలిండరు పిస్టనుపై 240 కిలోల బలం పడుతుంది. ఆ పిస్టను వ్యాసం 20 మిల్లీమీటర్లయితే దాని వైశాల్యం 3.14 చదరపు సెంటీమీటర్లు. అనగా ద్రవంలో ప్రతి చదరపు సెంటీమీటరుకు సుమారు 76 కిలోల పీడనం ఏర్పడుతుంది. కాలిపరు పిస్టను వ్యాసం 48 మిల్లీమీటర్లయితే దాని వైశాల్యం సుమారు 18 చదరపు సెంటీమీటర్లు కనుక, ప్యాడు మీద దాదాపు 1,380 కిలోల బలం పడుతుంది.

చరిత్ర

తొలినాటి కార్లలో బ్రేకులను ఇనుప కడ్డీలు, తీగల ద్వారా లాగేవారు. నాలుగు చక్రాలకూ సమానంగా బలం అందేటట్లు వాటిని సరిచేయడం కష్టంగా ఉండేది. అమెరికాకు చెందిన మాల్కం లాక్‌హీడ్ రూపొందించిన హైడ్రాలిక్ బ్రేకులను డ్యూసెన్‌బర్గ్ సంస్థ 1921లో తన మోడల్ ఎ కారులో నాలుగు చక్రాలకూ అమర్చింది. ఫోర్డు సంస్థ 1939 నమూనా కార్ల నుండి ఈ పద్ధతికి మారింది.

ఆ రోజులలో నాలుగు చక్రాలకూ ఒకే ద్రవ మార్గం ఉండేది. ఎక్కడ గొట్టం పగిలినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోయేవి. ఈ ప్రమాదాన్ని తప్పించుటకు ఒకే మాస్టర్ సిలిండరులో రెండు పిస్టన్లు, రెండు వేర్వేరు ద్రవ మార్గాలు ఉండే జంట పద్ధతి వచ్చింది. అమెరికాలో 1968 నుండి కార్లకు దీనిని తప్పనిసరి చేశారు. నేటి కార్లన్నిటిలో ఇదే పద్ధతి ఉంది. కొన్నిటిలో ముందు చక్రాలకు ఒక మార్గం, వెనుక చక్రాలకు ఒక మార్గం ఉంటాయి; మరికొన్నిటిలో ఒక ముందు చక్రం, దానికి ఎదురు మూలన ఉన్న వెనుక చక్రం కలిసి ఒక మార్గంలో ఉంటాయి. ఒక మార్గం పాడైనా రెండవది పనిచేస్తుంది; కాని పెడలు బాగా కిందకు దిగుతుంది, కారు ఆగటానికి ఎక్కువ దూరం పడుతుంది.

గాలి వలన పెడలు మెత్తబడే తీరు

ద్రవాల సంపీడ్యత అతి స్వల్పం. పైన చెప్పిన 76 కిలోల పీడనం వద్ద కూడా బ్రేకు ద్రవపు ఘనపరిమాణం ఒక శాతంలో సగం కంటే ఎక్కువ తగ్గదు. అందువలన పెడలు కొద్దిగా కదలగానే ప్యాడ్లు డిస్కును పట్టుకొంటాయి. వాయువుల సంగతి వేరు. పీడనం ఎన్ని రెట్లు పెరిగితే వాటి ఘనపరిమాణం అన్ని రెట్లు తగ్గుతుంది.

గొట్టంలో ఒక ఘన సెంటీమీటరు గాలి ఉన్నదనుకొంటే, అదే పీడనం వద్ద అది దాదాపు 75వ వంతుకు కుంచించుకుపోతుంది. అనగా ఇంచుమించు ఒక ఘన సెంటీమీటరు చోటు ఖాళీ అవుతుంది. ఆ చోటును నింపటానికి 20 మిల్లీమీటర్ల వ్యాసం గల పిస్టను అదనంగా 3.2 మిల్లీమీటర్లు కదలాలి. పెడలు 4 రెట్లు కదులుతుంది కనుక డ్రైవరు కాలు దాదాపు 13 మిల్లీమీటర్లు అదనంగా లోపలికి పోతుంది. గాలి ఒక టీ చెంచాడు, అనగా 5 ఘన సెంటీమీటర్లు ఉంటే పెడలు 6 సెంటీమీటర్లకు పైగా వృథాగా దిగుతుంది. ఇది చాలా కార్లలో పెడలు మొత్తం కదలికలో దాదాపు సగం.

వదలి మళ్లీ మళ్లీ తొక్కినప్పుడు పెడలు కొంత పైకి రావటానికి కూడా ఒక కారణం ఉంది. పెడలును వదలిన ప్రతిసారీ డబ్బాలోని ద్రవం కొంత మాస్టర్ సిలిండరులోకి దిగి ఖాళీని నింపుతుంది. రెండవసారి తొక్కేటప్పటికి గొట్టాలలో ద్రవం ఎక్కువగా ఉంటుంది. ఈ విధంగా "పంపింగ్" చేస్తే బ్రేకు పట్టినంత మాత్రాన లోపం లేదని భావించరాదు. హఠాత్తుగా ఆపవలసి వచ్చినప్పుడు రెండు మూడు సార్లు తొక్కటానికి వ్యవధి ఉండదు.

పెడలు తీరును బట్టి లోపాన్ని గుర్తించడం

డ్రైవర్లు సాధారణంగా అన్ని లోపాలనూ "బ్రేకు సరిగా లేదు" అని ఒకే మాటగా చెబుతారు. పెడలు ప్రవర్తించే తీరు వేర్వేరుగా ఉంటుంది. ఒక్కొక్క తీరు ఒక్కొక్క కారణాన్ని సూచిస్తుంది.

మెత్తగా, స్ప్రింగువలె ఉండటం: వదలి మళ్లీ మళ్లీ తొక్కితే కొంత గట్టిపడుతుంది. ద్రవంలో గాలి ఉండటం, రబ్బరు హోసు ఉబ్బటం, కాలిపరు వంగటం దీనికి కారణాలు.

అదిమి పట్టి ఉంచినప్పుడు నెమ్మదిగా కిందకు జారిపోవడం: మొదట గట్టిగానే ఉంటుంది, కాని నిలబడదు. ద్రవం బయటకు కారుతూ ఉండాలి, లేదా మాస్టర్ సిలిండరు లోపలి రబ్బరు వాషర్లు అరిగి ద్రవం వెనుకకు జారుతూ ఉండాలి. ఈ రెండవ సందర్భంలో బయట ఎక్కడా చుక్క కూడా కనబడదు, డబ్బాలో మట్టం తగ్గదు.

చాలా లోతుగా దిగి, అక్కడ గట్టిగా నిలబడటం: వెనుక డ్రమ్ములలో షూలకు, డ్రమ్ముకు మధ్య ఎడం పెరిగినప్పుడు ఇట్లు జరుగుతుంది. గాలి తీసినా ప్రయోజనం ఉండదు; షూలను సర్దుబాటు చేయాలి.

మొదటిసారి లోతుగా దిగి, రెండవసారి మామూలుగా ఉండటం: చక్రం బేరింగు వదులైనా, డిస్కు వంకర తిరిగినా ప్రయాణంలో ప్యాడ్లు వెనుకకు నెట్టబడతాయి. మొదటి తొక్కుడు వాటిని తిరిగి దగ్గరకు చేర్చటానికే సరిపోతుంది.

పెడలు గట్టిగా ఉండి బ్రేకు పట్టకపోవడం: ఇది మెత్తబడటానికి పూర్తిగా వ్యతిరేకమైన లోపం. బూస్టరు చెడిపోయినప్పుడు, లేదా ప్యాడ్లు అతిగా వేడెక్కి వాటి ఘర్షణ తగ్గినప్పుడు ఇట్లు జరుగుతుంది. మెత్తని పెడలు గల కారుకు బూస్టరును మార్చటం వృథా ఖర్చు.

కారణాలు

గాలి ప్రవేశించడం

ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపరు పిస్టన్లు ముందుకు జరుగుతాయి, వాటి వెనుక ఎక్కువ ద్రవం చేరుతుంది, డబ్బాలో మట్టం తగ్గుతుంది. మట్టం మరీ తగ్గితే మాస్టర్ సిలిండరు ద్రవానికి బదులు గాలిని లాగుతుంది. కాలిపరు, హోసు, వీల్ సిలిండరు వంటి భాగాలను విప్పి బిగించినప్పుడు కూడా గాలి చేరుతుంది. వీల్ సిలిండరు రబ్బర్లు అరిగినప్పుడు ద్రవం బయటకు కారడంతో పాటు, పెడలును వదలినప్పుడు గాలి లోపలికి వచ్చే అవకాశం ఉంది.

ద్రవం తేమను పీల్చుకోవడం

సాధారణంగా "బ్రేక్ ఆయిల్" అని పిలిచే ద్రవం నిజానికి నూనె కాదు. అది గ్లైకాల్ ఈథర్లతో తయారైన ద్రవం. గాలిలోని తేమను పీల్చుకోవడం దీని సహజ గుణం. రబ్బరు హోసుల గోడల గుండా, డబ్బా మూత గుండా తేమ నెమ్మదిగా చేరుతూనే ఉంటుంది. నీరు చేరేకొద్దీ ద్రవం మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. బ్రేకులు బాగా వేడెక్కినప్పుడు కాలిపరులోని ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడతాయి. నీరు ఆవిరి అయితే దాని ఘనపరిమాణం సాధారణ పీడనం వద్ద సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది. ఆవిరి కూడా గాలివలెనే కుంచించుకుపోతుంది కనుక పెడలు ఒక్కసారిగా అడుగంటుతుంది. బ్రేకు చల్లబడగానే ఆవిరి తిరిగి ద్రవమై పెడలు మామూలుగా అవుతుంది. అందువలన కారును మెకానిక్కు వద్దకు తీసుకొనివెళ్లేసరికి లోపం కనబడదు.

రబ్బరు హోసులు ఉబ్బడం

చక్రాలు పైకి కిందకు కదలటానికి వీలుగా గొట్టం చివర రబ్బరు హోసు ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది మెత్తబడి, పీడనానికి ఉబ్బుతుంది. నాలుగు హోసులూ కొద్దికొద్దిగా ఉబ్బినా పెడలు మెత్తగా తోస్తుంది.

కాలిపరు లోపాలు

కాలిపరు జారే పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోతే అది సమంగా కదలక వంగుతుంది. ప్యాడ్లు ఏటవాలుగా అరిగినా ఇదే ఫలితం. మరమ్మత్తు సమయంలో కుడి కాలిపరును ఎడమకు, ఎడమ కాలిపరును కుడికి బిగిస్తే గాలి తీసే నిపులు అడుగు వైపునకు వస్తుంది. గాలి ఎప్పుడూ పైభాగాన చేరుతుంది కనుక ఎన్నిసార్లు బ్లీడింగ్ చేసినా బయటకు రాదు.

వేరే నూనె పోయడం

"ఆయిల్" అన్న పేరును బట్టి కొందరు డబ్బాలో ఇంజను ఆయిలును, పవర్ స్టీరింగు ఆయిలును పోస్తుంటారు. పెట్రోలియం నూనెల వలన బ్రేకు వ్యవస్థలోని రబ్బరు భాగాలన్నీ ఉబ్బి పాడైపోతాయి. డబ్బా మూత లోపలి రబ్బరు ఉబ్బి, సాగి కనబడితే ఇది జరిగిందని అనుమానించాలి. అప్పుడు ద్రవం మార్చటం ఒక్కటే సరిపోదు. గొట్టాలను శుభ్రపరచి రబ్బరు భాగాలన్నిటినీ మార్చవలసి ఉంటుంది.

లోపాన్ని వెదికే క్రమం

సులభమైన పరీక్షలను ముందు, విప్పవలసిన పరీక్షలను తరువాత చేయడం మంచి పద్ధతి.

1. కారును సమతలంపై నిలిపి, డబ్బాలో ద్రవ మట్టాన్ని చూడాలి. గరిష్ఠ, కనిష్ఠ గుర్తుల మధ్య ఉండాలి. తగ్గి ఉంటే ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి. ద్రవం రంగు ముదురు గోధుమగా మారితే అది పాతబడినదని అర్థం.

2. నాలుగు చక్రాల లోపలి వైపు, గొట్టాల అతుకులు, మాస్టర్ సిలిండరు బూస్టరుకు ఆనే చోటు తడిగా ఉన్నాయేమో చూడాలి. డ్రైవరు కాళ్ల వద్ద కార్పెట్టు పైభాగాన్ని కూడా తడిమి చూడాలి. డ్రమ్ములలోని లీకు బయటకు కనబడకపోవచ్చు. డ్రమ్మును తీసి వీల్ సిలిండరు రబ్బరు టోపీని కొద్దిగా ఎత్తి చూడాలి.

3. ఇంజను ఆపి, బూస్టరులోని శూన్యం పోయేవరకు పెడలును ఐదారు సార్లు తొక్కాలి. తరువాత స్థిరంగా అదిమి పట్టి ఒక నిమిషం ఉంచాలి. పెడలు నిలబడితే మంచిది. నెమ్మదిగా దిగిపోతూ, బయట లీకు లేకపోతే మాస్టర్ సిలిండరులోనే లోపం ఉన్నది.

4. అదే స్థితిలో ఇంజను మొదలుపెట్టాలి. పెడలు కొద్దిగా కిందకు దిగితే బూస్టరు బాగున్నదని అర్థం. ఇది సహజమైన కదలిక. దీనిని మెత్తదనంగా పొరబడరాదు.

5. ఒకరు పెడలును గట్టిగా తొక్కుతుండగా మరొకరు రబ్బరు హోసులను చేతితో పట్టి చూడాలి. ఉబ్బుతున్న హోసు చేతికి తెలుస్తుంది. పగుళ్లు ఉన్న హోసును జతగా, అనగా రెండు వైపులా, మార్చడం మంచిది.

6. అప్పటికీ తెలియకపోతే, మెకానిక్కులు హోసులను అందుకోసమే తయారైన నున్నని క్లాంపుతో ఒక్కొక్కటిగా మూసి పెడలును పరీక్షిస్తారు. ఏ చక్రాన్ని మూసినప్పుడు పెడలు గట్టిపడుతుందో ఆ చక్రం వైపే లోపం ఉన్నది. అన్నిటినీ మూసినా మెత్తగా ఉంటే లోపం మాస్టర్ సిలిండరులోనో, దానికి దగ్గరలోనో ఉన్నది. పటకారుతో నొక్కితే హోసు లోపలి పొర దెబ్బతింటుంది. ఇనుప తీగల అల్లిక గల హోసులను క్లాంపు చేయరాదు.

గాలి తీసే విధానం

లోపాన్ని సరిచేసిన తరువాతనే ఈ పని మొదలుపెట్టాలి. దీనికి ఇద్దరు మనుషులు అవసరం. నిపులుకు సరిపడే రింగు స్పానరు, పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ గొట్టం, ఒక సీసా, సీలు తీయని కొత్త బ్రేకు ద్రవం కావాలి. కారును గట్టి నేలపై నిలిపి, నేలపై ఉన్న చక్రాలకు దిమ్మెలు అడ్డం పెట్టాలి. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందకు చేరరాదు, స్టాండ్లు వాడాలి.

సాధారణంగా మాస్టర్ సిలిండరుకు అతి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెడతారు. భారతదేశంలో స్టీరింగు కుడి వైపున ఉంటుంది కనుక చాలా కార్లలో వెనుక ఎడమ, వెనుక కుడి, ముందు ఎడమ, ముందు కుడి అనే వరుస వస్తుంది. అమెరికా పుస్తకాలలో వెనుక కుడి చక్రం ముందు రావటానికి కారణం అక్కడ స్టీరింగు ఎడమ వైపున ఉండటమే. ఎదురెదురు మూలల చక్రాలను కలిపే పద్ధతి గల కార్లలో వరుస వేరుగా ఉండవచ్చు. కారుతో వచ్చిన పుస్తకంలో చెప్పిన వరుసనే పాటించాలి.

1. డబ్బాలోని పాత ద్రవాన్ని సిరంజితో తీసివేసి, కొత్త ద్రవాన్ని గరిష్ఠ గుర్తు వరకు పోయాలి. డబ్బా అడుగు బయటపడనీయరాదు.

2. నిపులుకు స్పానరు తగిలించి, దానిపై ప్లాస్టిక్ గొట్టం తొడగాలి. గొట్టం రెండవ కొన సీసాలో కొద్దిగా పోసిన ద్రవంలో మునిగి ఉండాలి.

3. పెడలు వద్ద ఉన్న వ్యక్తి మూడు నాలుగు సార్లు నెమ్మదిగా తొక్కి, చివరిసారి అదిమి పట్టి "పట్టాను" అని చెప్పాలి.

4. చక్రం వద్ద ఉన్న వ్యక్తి నిపులును అర చుట్టు వదులు చేయాలి. ద్రవం, గాలి బుడగలు బయటకు వస్తాయి, పెడలు దిగుతుంది.

5. పెడలు ఇంకా కిందనే ఉండగా నిపులును బిగించి, "వదులు" అని చెప్పాలి. బిగించక ముందే పెడలును వదిలితే బయటి గాలి తిరిగి లోపలికి పోతుంది. ఈ పనిలో జరిగే పొరపాట్లలో ఇది ముఖ్యమైనది.

6. బుడగలు ఆగి స్వచ్ఛమైన కొత్త ద్రవం వచ్చేవరకు ఇట్లే చేయాలి. ప్రతి నాలుగైదు సార్లకు ఒకసారి డబ్బాలో మట్టాన్ని చూసి నింపాలి.

పాత కార్లలో పెడలును పూర్తిగా అడుగు వరకు తొక్కరాదు. మాస్టర్ సిలిండరులో పిస్టను రోజూ తిరగని చివరి భాగం తుప్పు పట్టి గరుకుగా ఉండవచ్చు. అక్కడికి పోయిన రబ్బర్లు చిరుగుతాయి. అందుకై పెడలు కింద ఒక చెక్కముక్కను ఉంచుతారు. కొత్త మాస్టర్ సిలిండరును అమర్చేముందు దానిని బల్లపై బిగించి, ద్రవంతో నింపి గాలి తీయడం అవసరం. లేనిచో అందులో మిగిలిన గాలి చక్రాల వద్ద నుండి రావటం కష్టం.

పని ముగిసిన పిదప నిపుళ్లను శుభ్రంగా తుడిచి, పెడలును గట్టిగా తొక్కి లీకు లేదని నిర్ధారించుకోవాలి. ఇంజను మొదలుపెట్టి పెడలు గట్టిగా ఉన్నదని చూసిన తరువాత, ఖాళీ స్థలంలో తక్కువ వేగంతో పరీక్షించాలి. పెడలులో మెత్తదనం మిగిలి ఉంటే కారును రోడ్డు మీదకు తీసుకొనిపోరాదు.

ఏబీఎస్ ఉన్న కార్లు

చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏబీఎస్ పరికరం భారతదేశంలో అమ్మే కొత్త కార్లకు 2019 నుండి తప్పనిసరి అయినది. ఈ పరికరంలో చిన్న కవాటాలు, పంపు ఉంటాయి. మామూలు సమయంలో మూసి ఉండే ఈ గదులలోకి గాలి చేరితే పైన చెప్పిన పద్ధతిలో బయటకు రాకపోవచ్చు. అటువంటప్పుడు స్కానరును కారుకు కలిపి, కవాటాలను తెరచి మూస్తూ బ్లీడింగ్ చేస్తారు. కేవలం ద్రవం మార్చేటప్పుడు డబ్బా ఖాళీ కాకుండా చూసుకొంటే చాలా కార్లలో ఈ అవసరం రాదు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు పెడలు కాలి కింద కొట్టుకోవటం ఏబీఎస్ పనిచేస్తున్నదనటానికి గుర్తు. అది లోపం కాదు.

బ్రేకు ద్రవం రకాలు

బ్రేకు ద్రవాలను డాట్ అనే అమెరికా ప్రమాణంతో వర్గీకరిస్తారు. ప్రతి రకానికి రెండు కనీస మరుగు ఉష్ణోగ్రతలు నిర్దేశించారు. మొదటిది కొత్త ద్రవానికి, రెండవది సుమారు 3.7 శాతం నీరు చేరిన ద్రవానికి వర్తిస్తుంది.

డాట్ 3: 205 డిగ్రీల సెల్సియస్, 140 డిగ్రీలు.
డాట్ 4: 230 డిగ్రీలు, 155 డిగ్రీలు.
డాట్ 5.1: 260 డిగ్రీలు, 180 డిగ్రీలు.
డాట్ 5: 260 డిగ్రీలు, 180 డిగ్రీలు.

వీటిలో డాట్ 5 సిలికోన్ ద్రవం. పేరు దగ్గరగా ఉన్నా ఇది డాట్ 5.1 కాదు, మిగిలిన వాటితో కలపరాదు. డబ్బా మూతపై ముద్రించిన రకాన్నే వాడాలి. మూత తీసి చాలాకాలం ఉంచిన సీసాలోని ద్రవం అప్పటికే తేమను పీల్చుకొని ఉంటుంది కనుక దానిని వాడరాదు. బ్రేకు ద్రవం కారు రంగును పాడుచేస్తుంది. ఒలికితే వెంటనే నీటితో కడగాలి.

ఘాట్ రోడ్లపై ప్రయాణం

చదునైన రోడ్డుపై తెలియని మెత్తదనం ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బయటపడుతుంది. తిరుమల నుండి తిరుపతికి దిగే మొదటి ఘాట్ రోడ్డు (1944), శ్రీశైలానికి పోయే నల్లమల దారులు, అరకు, మారేడుమిల్లి ఘాట్లు ఇటువంటివి. మలుపు మలుపుకూ బ్రేకు వేయటం వలన డిస్కులు చల్లబడే వ్యవధి ఉండదు. కొత్త ద్రవం ఈ వేడిని తట్టుకొంటుంది. ఏళ్ల తరబడి మార్చని ద్రవం మరిగిపోవచ్చు. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర ప్రాంతాలలో గాలిలో తేమ ఎక్కువ కనుక అక్కడి కార్ల యజమానులు ఈ విషయంలో మరింత జాగ్రత్త వహించాలి.

దిగేటప్పుడు కారును న్యూట్రలులో పెట్టి వదలటం, ఇంజను ఆపివేయటం అత్యంత ప్రమాదకరం. ఇంజను ఆగితే బూస్టరు సాయం కొద్ది తొక్కుళ్లకే అయిపోతుంది. ఏ గేరులో కొండ ఎక్కవలసి వస్తుందో ఆ గేరులోనే దిగాలనేది డ్రైవర్లు పాటించే నియమం. అప్పుడు కారు వేగాన్ని ఇంజనే అదుపులో ఉంచుతుంది. బ్రేకును అదేపనిగా కాలుతో ఆనించి ఉంచక, అవసరమైనప్పుడు గట్టిగా వేసి వదలాలి. పెడలు మెత్తబడుతున్నట్లు తోస్తే వెంటనే సురక్షితమైన చోట ఆపి, బ్రేకులు చల్లబడనివ్వాలి. వేడెక్కిన డిస్కులపై నీళ్లు చల్లరాదు. అవి వంకర తిరుగుతాయి.

ప్రయాణంలో పెడలు అడుగంటితే

1. పెడలును వదలి వేగంగా పలుమార్లు తొక్కాలి. కొంత పీడనం ఏర్పడే అవకాశం ఉంది.
2. ఒక్కొక్క గేరు తగ్గిస్తూ పోవాలి.
3. హ్యాండ్ బ్రేకును బొత్తాం నొక్కి పట్టి, నెమ్మదిగా లాగాలి. ఇది తీగతో పనిచేస్తుంది కనుక ద్రవం లేకపోయినా పట్టుతుంది. ఒక్కసారిగా లాగితే వెనుక చక్రాలు బిగుసుకొని కారు అడ్డం తిరుగుతుంది. విద్యుత్ హ్యాండ్ బ్రేకు గల కార్లలో సాధారణంగా దాని మీటను వదలకుండా పట్టి ఉంచాలి.
4. హారను, ప్రమాద సూచిక దీపాలతో ఇతరులను హెచ్చరించాలి.
5. కారు ఆగేవరకు తాళం తీయరాదు. తీస్తే స్టీరింగు బిగుసుకుపోవచ్చు.

నివారణ

చాలా కార్లకు రెండేళ్లకు ఒకసారి బ్రేకు ద్రవాన్ని పూర్తిగా మార్చాలని తయారీదారులు సూచిస్తారు. కారు ఎక్కువగా తిరగకపోయినా ఈ గడువు వర్తిస్తుంది. తేమ చేరటానికి కారు కదలనవసరం లేదు. సర్వీసు సమయంలో డబ్బాలో మట్టం నింపటం వేరు, ద్రవం మార్చటం వేరు. పైన కొత్త ద్రవం పోసినా కాలిపరులో పాత ద్రవమే ఉంటుంది. వేడి తగిలేది దానికే.

మట్టం పదే పదే తగ్గుతుంటే నింపుతూ పోరాదు, కారణం వెదకాలి. ప్యాడ్లు, షూల మందాన్ని ప్రతి సర్వీసులో చూడాలి. ఎప్పటి కంటే పెడలు కొద్దిగా లోతుగా దిగినట్లు అనిపించినా పరీక్ష చేయించాలి. గాలి నెమ్మదిగా చేరినప్పుడు డ్రైవరు కాలు ఆ మార్పుకు అలవాటు పడిపోతుంది. అందువలన కారును ఎప్పుడూ నడపని మరొకరు ఒకసారి తొక్కి చూస్తే లోపం త్వరగా బయటపడుతుంది.

మోటారు సైకిళ్ల డిస్కు బ్రేకులు కూడా ఇదే సూత్రంపై పనిచేస్తాయి. వాటిలో చేతి లివరు హ్యాండిలును తాకేంత దగ్గరకు వస్తే ఇవే పరీక్షలు వర్తిస్తాయి. పెద్ద లారీలు, బస్సులలో వాడే ఎయిర్ బ్రేకులు వేరు. వాటిలో పీడనాన్ని మోసేది గాలే కనుక, గాలి చేరడం అనే లోపం వాటికి లేదు. వాటిలో గాలి కారిపోవడమే లోపం.